పైర్లకు పట్టే వైరస్‌లు, మందులు పండించే మొక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పంటలకు సోకే వైరస్‌ల గురించీ, జీవసాంకేతిక పరిశోధనలో మొక్కలను వాడుకోవడం గురించీ పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాము.

ప్రశ్న: మిరప తోటలో ఆకులు ముడుచుకుపోయి మొక్కలు గిడసబారుతున్నాయి. మూడు రకాల మందులు చల్లినా ఫలితం కనిపించలేదు. వైరస్ తెగులుకు కచ్చితంగా పనిచేసే మందు ఏది?

జవాబు: మొక్కలోకి చేరిన వైరస్‌ను పొలంలో నయం చేసే మందు లేదు. ఈ మాట నిరాశ కలిగిస్తుందని తెలిసినా మొదటే చెప్పక తప్పదు. లేని మందు కోసం చేసే ఖర్చు తెగులు తెచ్చిన నష్టానికి తోడవుతుంది. శిలీంధ్రానికీ బాక్టీరియాకూ సొంత శరీరమూ సొంత జీవక్రియా ఉంటాయి కాబట్టి, మొక్కకు హాని చేయకుండా వాటిని మాత్రమే దెబ్బతీసే రసాయనాన్ని తయారు చేయడం సాధ్యమైంది. వైరస్‌కు సొంతమని చెప్పుకోదగ్గది కొద్దిపాటి జన్యుపదార్థమూ, చాలా వైరస్‌లలో దాని చుట్టూ ఉండే ప్రోటీన్ తొడుగూ మాత్రమే. కణంలోకి చేరాక అది మొక్క తన ప్రోటీన్లను తయారు చేసుకునే యంత్రాంగాన్నే తన పనికి మళ్లించుకుంటుంది. ఆ యంత్రాంగాన్ని ఆపే రసాయనం మొక్కను కూడా ఆపేస్తుంది. యాంటీబయాటిక్‌లు బాక్టీరియా మీద పనిచేస్తాయి, వైరస్‌ను తాకవు. పురుగుమందు వైరస్‌ను మోసే పురుగును చంపగలదు గానీ అప్పటికే తెగులు సోకిన మొక్కను మామూలు స్థితికి తేలేదు.

అయితే మీ తోటలో ఉన్నది వైరసేనా అన్న సంగతి ముందుగా తేల్చుకోవాలి. మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులనూ, కిందికి ముడుచుకుని తిరగేసిన దోనెలా కనిపిస్తే నల్లినీ అనుమానించాలి. లేత ఆకుల అడుగుభాగాన్ని భూతద్దంతో చూస్తే రెండూ కనబడతాయి. వాటిని అదుపు చేసిన తరువాత వచ్చే కొత్త చిగుళ్లు మామూలుగా ఉంటే అది వైరస్ కాదని చాలావరకు నమ్మవచ్చు. వైరస్ సోకిన మొక్కలో పురుగు పోయినా కొత్త చిగురు ముడుచుకునే వస్తుంది, ఈనెల మధ్య పసుపు ఆకుపచ్చ రంగులు కలగలిసి ఉంటాయి, కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క గుబురుగా తయారవుతుంది. పక్క పొలం నుంచి గాలికి కొట్టుకొచ్చిన కలుపు మందు, జింకు వంటి సూక్ష్మపోషకాల లోపం కూడా దాదాపు ఇవే లక్షణాలు చూపించగలవు. లోపం వల్ల వచ్చినదైతే ఒక దఫాలో చాలా మొక్కల మీద ఒకేలా కనిపిస్తుంది; వైరస్ తొలిదశలో అక్కడొకటి ఇక్కడొకటిగా మొదలై క్రమంగా చుట్టూ విస్తరిస్తుంది. కంటితో తేలనప్పుడు పరీక్షే శరణ్యం. 1970ల చివర నుంచి మొక్కల వైరస్‌ల నిర్ధారణకు, ఆకు రసంలో వైరస్ ప్రోటీన్ ఉందో లేదో రంగు మార్పుతో చూపే ఎలైజా పరీక్ష వాడుకలో ఉంది. ఆకు రసంలో ముంచి కొద్ది నిమిషాల్లో ఫలితం చూసుకునే పట్టీలు కూడా కొన్ని వైరస్‌లకు దొరుకుతున్నాయి. ముందు పరీక్ష, తరువాత ఖర్చు అన్న క్రమాన్ని పాటించాలని మా గట్టి సలహా.

ప్రశ్న: వైరస్ అనేది ఒకటి ఉందని మొదట మనుషుల జబ్బుల ద్వారా తెలిసిందా, మొక్కల ద్వారా తెలిసిందా? (ఇంటర్మీడియట్ విద్యార్థిని)

జవాబు: మొక్కల ద్వారానే, అందులోనూ పొగాకు ద్వారా. పొగాకు ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు పరిచినట్లు వచ్చే తెగులుకు నెదర్లాండ్స్‌లో పనిచేసిన ఆడాల్ఫ్ మేయర్ 1886లో మొజాయిక్ అని పేరు పెట్టాడు. తెగులు సోకిన ఆకును నూరి, ఆ రసాన్ని ఆరోగ్యంగా ఉన్న మొక్క ఈనెల్లోకి ఎక్కిస్తే దానికీ తెగులు వస్తుందని ఆయన చూపించాడు, కానీ కారణం బాక్టీరియా అనే అనుకున్నాడు. 1892లో రష్యాలో దిమిత్రీ ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని బాక్టీరియాను పట్టి ఆపే పింగాణీ వడపోత గుండా పంపాడు. వడగట్టిన రసం కూడా తెగులును కలిగించింది. 1898లో డెల్ఫ్ట్ నగరంలో మార్టినస్ బైయరింక్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ కారకం బతికి ఉన్న, పెరుగుతున్న కణాల్లో మాత్రమే వృద్ధి చెందుతుందనీ, అందుకే పల్చబరచిన రసం కూడా కొత్త మొక్కలో మళ్లీ అంతే బలంగా తెగులు కలిగిస్తుందనీ తేల్చి, దానిని జీవమున్న అంటుద్రవంగా వర్ణించాడు. దానికి వైరస్ అన్న మాటను వాడింది కూడా ఆయనే.

1935లో వెండెల్ స్టాన్లీ ఈ వైరస్‌ను ఉప్పు, పంచదార లాగా స్ఫటికాలుగా వేరు చేసినప్పుడు శాస్త్రవేత్తలు నివ్వెరపోయారు. స్ఫటికంగా సీసాలో ఉన్న పదార్థం ఆకు మీద రుద్దగానే మళ్లీ వృద్ధి చెందడమే అందుకు కారణం. 1946లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. అది కేవలం ప్రోటీన్ అని స్టాన్లీ భావించగా, అందులో డీఎన్‌ఏను పోలిన ఆర్‌ఎన్‌ఏ అనే పదార్థం కూడా ఉందని ఆ వెంటనే ఇంగ్లండ్‌లో బాడెన్, పిరీ చూపించారు. 1956 నాటికి తొడుగు తీసేసిన ఒంటరి ఆర్‌ఎన్‌ఏ కూడా తెగులును కలిగించగలదని రుజువైంది. జన్యు సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏ కూడా మోయగలదన్న సంగతికి బలమైన తొలి సాక్ష్యం ఇలా ఒక ఆకుమచ్చ తెగులు నుంచి దొరికింది.

ఆ వైరస్ కణాన్ని దగ్గరగా చూస్తే అది 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న బోలు కడ్డీ. దాదాపు 6,400 అక్షరాల (జన్యు సమాచారాన్ని రాసే రసాయన గుర్తుల) ఒకే ఆర్‌ఎన్‌ఏ పోగు చుట్టూ ఒకే రకమైన ప్రోటీన్ తునకలు సుమారు 2,130 మెట్లమెట్లుగా చుట్టుకుని ఉంటాయి. ఈ నిర్మాణాన్ని విశదం చేసినవారిలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఒకరు. అంతకంటే చిన్న తెగులు కారకాలు కూడా ఉన్నాయి: బంగాళాదుంపను కదురు ఆకారంలోకి మార్చే వైరాయిడ్‌ను 1971లో థియోడర్ డీనర్ గుర్తించాడు. దానికి తొడుగు లేదు, ఏ ప్రోటీన్‌నూ తయారు చేయదు, ఉన్నదంతా సుమారు 359 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ వలయమే.

ప్రశ్న: పురుగు కనిపించిన ప్రతిసారీ మందు కొడుతున్నాను. పురుగులు చస్తున్నాయి, వైరస్ మాత్రం ఆగడం లేదు. ఎందుకు?

జవాబు: ఈసారి వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదేనని మా అభిప్రాయం. పురుగు వైరస్‌ను మోసే పద్ధతులు ఒకటి కాదు. పద్ధతి మారితే మందు ఉపయోగం కూడా మారిపోతుంది.

పేనుబంక ఎగిరి వచ్చి ఆకు మీద వాలగానే అది తనకు సరిపడే మొక్కేనా కాదా అని తెలుసుకోవడానికి సూదిలాంటి తొండాన్ని పైపొర కణాల్లోకి గుచ్చి రుచి చూస్తుంది. ఆ పని కొన్ని సెకన్లలో అయిపోతుంది. బొప్పాయి రింగ్‌స్పాట్ వైరస్, దోస జాతి మొజాయిక్ వంటివి ఆ కొద్ది సెకన్లలోనే తొండం కొనకు అంటుకుని, తరువాత వాలిన మొక్కలోకి అంతే వేగంగా దిగిపోతాయి. మందు ఆ పురుగును అరగంట తరువాత చంపుతుంది, అప్పటికి అది నాలుగు మొక్కలను రుచి చూసి ఉంటుంది. పైగా బొప్పాయి మీద పేనుబంక కాపురం పెట్టదు. వచ్చి, గుచ్చి, నచ్చక వెళ్లిపోతుంది. రైతు వెతికితే పురుగే కనబడదు, తోట మాత్రం తెగులు పాలవుతుంది. మందు ప్రభావానికి అలజడి చెందిన పురుగులు స్థిమితంగా ఒకచోట కూర్చోకుండా మరిన్ని మొక్కల మీద వాలడం కూడా జరుగుతుంది. ఇలాంటి వైరస్‌లకు తోట చుట్టూ జొన్న, మొక్కజొన్న వంటివి దట్టంగా నాలుగు వరసలు వేయడం మేలు: బయటి నుంచి వచ్చే పేనుబంక ముందు వాటి మీద వాలి, తొండానికి అంటిన వైరస్‌ను అక్కడే పోగొట్టుకుంటుంది. వెండి రంగు ప్లాస్టిక్ పరిచితే దాని నుంచి తిరిగివచ్చే వెలుతురు పురుగులు వాలడాన్ని తగ్గిస్తుంది. ఖనిజ నూనెలు పల్చగా చల్లినా తొండానికి వైరస్ అంటుకోవడం తగ్గుతుందని అనుభవంలో ఉంది.

తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్‌ల కథ వేరు. అవి తొండం కొనన ఆగవు; దోమ పేగు గోడ దాటి, శరీర ద్రవంలో కలిసి, లాలాజల గ్రంథులకు చేరితేనే మరో మొక్కలోకి దిగగలవు. దీనికి గంటల సమయం పడుతుంది, కానీ ఒకసారి చేరితే ఆ దోమ చాలా రోజులు, తరచు బతికినంతకాలం, వైరస్‌ను పంచుతూనే ఉంటుంది. ఇక్కడ నారుమడిని సన్న కన్నాల వలతో కప్పడం, నాటిన తొలి వారాల్లో దోమ సంఖ్యను తగ్గించడం నిజంగా పనికొస్తాయి, ఎందుకంటే లేతగా ఉన్నప్పుడు సోకిన మొక్కకూ కాపు మొదలైన తరువాత సోకిన మొక్కకూ నష్టంలో చాలా తేడా ఉంటుంది. అదే మందును పదేపదే వాడితే తెల్లదోమ దానిని తట్టుకోవడం నేర్చుకుంటుంది కనుక మందుల వర్గాన్ని మార్చుతూ ఉండాలి.

తామర పురుగులు మోసే టోస్పో వైరస్‌లు ఇంకా విచిత్రమైనవి. పిల్ల పురుగు దశలో వైరస్‌ను పీల్చుకున్న తామర పురుగే పెద్దయ్యాక దానిని వ్యాపింపజేయగలదు. రెక్కలు వచ్చిన తరువాత తెగులు మొక్క మీద వాలినా అది వాహకం కాలేదు. వైరస్ ఆ పురుగు శరీరంలో కూడా వృద్ధి చెందుతుంది. కాబట్టి తామర పురుగులు పిల్లలు పెట్టి పెరిగే కలుపు మొక్కలు గట్ల మీద ఉన్నంతకాలం పొలంలో ఎంత చల్లినా కొత్త సైన్యం వస్తూనే ఉంటుంది.

వరిలో టుంగ్రో తెగులు రెండు వేరువేరు వైరస్‌ల పొత్తు వల్ల వస్తుంది. ఒకటి డీఎన్‌ఏ వైరస్, ఆకు పసుపు నారింజ రంగుకు మారడం, దుబ్బు కురచబారడం ప్రధానంగా దాని పనే. కానీ అది సొంతంగా పచ్చదోమ మీద ప్రయాణించలేదు. రెండోది ఆర్‌ఎన్‌ఏ వైరస్, ఒంటరిగా ఉంటే దాని లక్షణాలు కంటికి ఆనవు, కానీ పచ్చదోమ మీద ఎక్కగలిగేది అదే. మొదటిది రెండోదాని సాయంతో కదులుతుంది. పచ్చగా నిలిచి ఉన్న దుబ్బు కూడా ఈ విధంగా తెగులు వ్యాప్తిలో భాగస్వామి కాగలదు కనుక, పసుపు దుబ్బులను పీకి ఊరుకుంటే సరిపోదు. పచ్చదోమను తట్టుకునే రకాలు వేయడం, చుట్టుపక్కల రైతులందరూ దగ్గర దగ్గర తేదీల్లో నాట్లు పూర్తి చేయడం వంటి ఉమ్మడి ఏర్పాట్లు కావాలి.

ప్రశ్న: పాలిహౌస్‌లో టమాటా వేశాము. పురుగులు రాకుండా వల కట్టాము. అయినా మొజాయిక్ తెగులు వచ్చింది. ఇది ఎలా సాధ్యం?

జవాబు: టమాటాకు సోకే కొన్ని వైరస్‌లకు పురుగు అవసరమే లేదు. పొగాకు మొజాయిక్ వైరస్, దాని బంధువులు మనుషుల చేతుల మీద, కత్తెరల మీద, మొక్కలకు కట్టే తాళ్ల మీద, బట్టల మీద ప్రయాణిస్తాయి. పక్క కొమ్మలు గిల్లేటప్పుడు ఆకు మీది సన్నని నూగు విరిగి ఏర్పడే కంటికి కనబడని గాయం చాలు. ఈ వర్గం వైరస్‌లు ఎండిన ఆకుల్లో ఏళ్ల తరబడి చెక్కుచెదరవు, చుట్ట బీడీ కాల్చే చేతుల ద్వారా కూడా రాగలవు. 2014లో ఇజ్రాయెల్‌లోనూ 2015లో జోర్డాన్‌లోనూ కనిపించి, ఆ తరువాత ఎన్నో దేశాలకు పాకిన బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్ ఈ కుటుంబానిదే. దశాబ్దాలుగా టమాటా రకాలను కాపాడుతూ వచ్చిన నిరోధక జన్యువును అది దాటిపోగలిగింది.

విత్తనం పైపొర మీద కూడా ఇవి ఉంటాయి, కాబట్టి పరీక్షించిన విత్తనం కొనాలి. పది శాతం ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణంలో నానబెట్టి కడిగితే పైపొర మీది వైరస్ చాలావరకు పోతుంది. పనివారు ప్రతి వరస మొదట్లో చేతులనూ కత్తెరనూ వెన్న తీసిన పాలపొడి కలిపిన నీటిలో ముంచడం ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతి. పాలలోని ప్రోటీన్లు వైరస్ కణాలను పట్టుకుని వాటి సోకే శక్తిని తగ్గిస్తాయి. అనుమానమున్న వరసలో పని రోజు చివర చేయాలి, పొద్దున్నే చేయకూడదు. చిన్న నియమమే అయినా దీనిని పాటించే పాలిహౌస్‌కూ పాటించని పాలిహౌస్‌కూ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ప్రశ్న: వైరస్ సోకిన కూరగాయలు తింటే మనకు జబ్బు చేస్తుందా?

జవాబు: చేయదు. వైరస్ కణంలోకి చొరబడి వృద్ధి చెందాలంటే ఆ కణంతో దానికి సరిపోలిక ఉండాలి. మొక్కల వైరస్‌లకు మన కణాలతో అది లేదు. మనుషులు వీటిని రోజూ తింటూనే ఉన్నారు. 2006లో మనుషుల మలంలోని ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను పరిశీలించిన శాస్త్రవేత్తలకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించినది మిరప జాతికి సోకే పెప్పర్ మైల్డ్ మోటిల్ వైరస్. తిన్న మిరప ఉత్పత్తులతో లోపలికి వెళ్లి అది చెక్కుచెదరకుండా బయటికి వస్తోంది. ఈ కారణం చేతనే నీటి వనరుల్లో మురుగు కలిసిందా లేదా అని చూడటానికి ఇప్పుడు ఆ వైరస్‌ను సూచికగా వాడుతున్నారు. తెగులు సోకిన కాయ రుచి, నిలవ తగ్గవచ్చు, అంతే. పొలంలో కొట్టిన మందుల అవశేషాల గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి.

ప్రశ్న: టిష్యూ కల్చర్ అరటి మొక్కలకు వైరస్ ఉండదని చెప్పి అమ్ముతున్నారు. నమ్మవచ్చా?

జవాబు: షరతుతో నమ్మవచ్చు. టిష్యూ కల్చర్ ఒక మొక్కను వేల మొక్కలుగా పెంచే పద్ధతి. తల్లి మొక్కలో వైరస్ ఉంటే అది వేల పిల్లల్లోకీ నమ్మకంగా చేరుతుంది. వైరస్‌ను వదిలించే పని అందులో ఒక ప్రత్యేకమైన భాగం. కణాలు వేగంగా విభజన చెందే చిగురు కొనలోకి వైరస్ చాలాసార్లు పూర్తిగా చొరబడలేదు, పోషక నాళాలు ఇంకా అక్కడిదాకా పెరిగి ఉండకపోవడం ఒక కారణం. మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే ఉండే ఆ కొనను సూక్ష్మదర్శిని కింద కోసి తీసి, గాజు నాళికలో మొక్కగా పెంచితే వైరస్ లేని మొక్క దొరకవచ్చు. 1952లో ఫ్రాన్స్‌లో మోరెల్, మార్టిన్ డాలియా మొక్కలను ఇలాగే వైరస్ నుంచి విముక్తం చేశారు. ముక్క పెద్దదైతే వైరస్ మిగిలిపోతుంది, మరీ చిన్నదైతే మొక్క బతకదు. ముందుగా కొన్ని వారాలు వేడి గదిలో ఉంచడం వల్ల విజయావకాశం పెరుగుతుంది. అంతా చేసినా, పరీక్షించనిదే వైరస్ లేదని చెప్పడానికి వీలు లేదు.

కాబట్టి తల్లి మొక్కలకు ఏ ఏ వైరస్‌ల పరీక్ష జరిగిందో రాతపూర్వకంగా అడగండి. అరటిలో గుబురు తల తెగులు వైరస్, దోస మొజాయిక్ వైరస్ పేర్లు ఆ పత్రంలో ఉండాలి. వైరస్ లేని మొక్కకు నిరోధక శక్తి ఉందని అర్థం కాదు. తెగులు ఉన్న తోట పక్కన నాటితే దానికీ సోకుతుంది.

ప్రశ్న: వైరస్ జన్యువునే మొక్కలో పెట్టి వైరస్ రాకుండా చేస్తారని చదివాను. ఇది ఎలా పనిచేస్తుంది, దీనివల్ల ప్రమాదం లేదా?

జవాబు: ఈ ఆలోచనకు మూలం ఒక పాత పరిశీలన. బలహీనమైన వైరస్ తెగ సోకిన పొగాకు మొక్కకు అదే వైరస్‌కు చెందిన తీవ్రమైన తెగ సోకదని 1929లో మెకిన్నీ గమనించాడు. 1986లో రోజర్ బీచీ బృందం పొగాకు మొజాయిక్ వైరస్ తొడుగు ప్రోటీన్ జన్యువును ఒక్కదాన్నే మొక్కలో చేర్చి, ఆ మొక్కలకు తెగులు ఆలస్యంగా రావడమో అసలు రాకపోవడమో జరుగుతుందని చూపించింది.

పంటగా దీనికి పేరు తెచ్చినది హవాయి బొప్పాయి. ఆ దీవుల్లో ప్రధాన బొప్పాయి ప్రాంతమైన పూనాలో 1992లో రింగ్‌స్పాట్ వైరస్ బయటపడింది. కొద్ది ఏళ్లలో దిగుబడి సుమారు సగానికి పడిపోయింది. డెనిస్ గోన్సాల్వెస్ నాయకత్వంలోని శాస్త్రవేత్తలు అంతకుముందే వైరస్ తొడుగు జన్యువును చేర్చిన బొప్పాయి మీద పని చేస్తూ ఉండటం వల్ల సన్‌అప్, రెయిన్‌బో అనే రకాల విత్తనాలు 1998లోనే రైతుల చేతికి వచ్చాయి. తెగులు ఇంకా ముదరకముందే పరిశోధన మొదలు కావడమే అక్కడి విజయానికి కీలకమని మేము భావిస్తాము.

పనిచేసే తీరు తరువాత తేలింది. 1990లో పెట్యూనియా పూలకు రంగునిచ్చే జన్యువును అదనంగా చేర్చితే పూలు ఇంకా ముదురు రంగులోకి వస్తాయనుకున్న శాస్త్రవేత్తలకు తెల్లని పూలు పూశాయి. మొక్కకు అదనపు జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ అనుమానాస్పదంగా తోచి, అదే అక్షరక్రమం ఉన్న ఆర్‌ఎన్‌ఏనంతా ముక్కలు చేసేసింది. 1999లో హామిల్టన్, బాల్కోంబ్ ఈ పనికి గుర్తుగా ఉండే, సుమారు 25 అక్షరాల పొట్టి ఆర్‌ఎన్‌ఏ తునకలను కనుగొన్నారు. కోసిన వైరస్ ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసిన ఆ తునకను గుర్తుపత్రంలా పట్టుకుని కణంలోని కత్తెర వంటి ఎంజైములు సరిపోలే ఆర్‌ఎన్‌ఏను వెతికి కోస్తాయి. వైరస్ జన్యువు ముందే చేర్చిన మొక్కలో ఈ గుర్తుపత్రాలు వైరస్ రాకముందే సిద్ధంగా ఉంటాయి.

వైరస్‌లు ఊరికే కూర్చోవు. చాలా వైరస్‌లు ఈ రక్షణను అణచివేసే ప్రోటీన్లను తయారు చేస్తాయి. బొప్పాయి వైరస్ కుటుంబంలో ఆ పని చేసే ప్రోటీనే పేనుబంక తొండానికి వైరస్‌ను అంటించే పనిలో కూడా సాయపడుతుంది. గుర్తుపత్రం అక్షరక్రమం మీద ఆధారపడి ఉంటుంది కనుక, అక్షరాలు బాగా మారిన తెగ వస్తే రక్షణ సడలుతుంది. హవాయికి బయటి నుంచి తెచ్చిన కొన్ని తెగలకు రెయిన్‌బో లొంగిపోయింది. ఒక ప్రాంతంలో విజయవంతమైన రకాన్ని మరో ప్రాంతంలోకి గుడ్డిగా తీసుకుపోకూడదని దీని అర్థం.

ప్రమాదం గురించి: తొడుగు ప్రోటీన్ తినడం వల్ల హాని ఉంటుందన్న అనుమానానికి ఆధారం బలహీనం, తెగులు సోకిన మామూలు బొప్పాయిలో అదే ప్రోటీన్ ఎంతో ఎక్కువగా ఉంటుంది. మొక్కలో చేర్చిన వైరస్ జన్యువూ బయటి నుంచి వచ్చిన వైరసూ కలిసి కొత్త వైరస్ పుట్టే అవకాశం సిద్ధాంతపరంగా ఉన్న ప్రశ్న. రెండు వైరస్‌లు ఒకే మొక్కకు సోకినప్పుడు ప్రకృతిలో అది జరుగుతూనే ఉంటుంది. అందుకే ప్రోటీన్‌గా మారని జన్యుముక్కలనే వాడటం మేలైన పద్ధతిగా స్థిరపడింది. పరాయి జన్యువు ఏదీ చేర్చకుండా, వైరస్ తన పనికి వాడుకునే మొక్క జన్యువునే కొద్దిగా మార్చే దారి కూడా ఉంది. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు జన్యువును ఎంచుకున్న చోట కోసి మార్చే క్రిస్పర్ పద్ధతితో దోసలో ఇఐఎఫ్4ఇ అనే జన్యువును నిలిపివేసి, ఒకేసారి అనేక వైరస్‌లను తట్టుకునే మొక్కలను సృష్టించారు. సంప్రదాయ ప్రజననంలో మిరప, బఠాణీ వంటి పంటల్లో దొరికిన సహజ నిరోధక శక్తి కొంత ఇదే జన్యువులోని తేడాల వల్ల వచ్చిందే.

ప్రశ్న: మొక్కల్లో టీకాలూ మందులూ తయారు చేస్తున్నారన్నది నిజమేనా? అయితే అవి మార్కెట్లో ఎందుకు కనబడవు?

జవాబు: నిజమే, కొన్ని వచ్చాయి కూడా. గాషే అనే అరుదైన వంశపారంపర్య వ్యాధికి కావలసిన ఎంజైమును క్యారట్ కణాల్లో తయారు చేసి, 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందారు. ఇక్కడ పొలమేమీ లేదు; క్యారట్ కణాలను పోషక ద్రవంలో పెద్ద సంచుల్లో పెంచుతారు.

ఎక్కువ పరిశోధనలు జరిగే మొక్క నికోటియానా బెంతమియానా. ఆస్ట్రేలియాకు చెందిన ఈ చిన్న పొగాకు జాతి మొక్క వైరస్‌లకు అమితంగా లొంగుతుంది, ఎందుకంటే ప్రయోగశాలల్లో వాడే రకంలో వైరస్‌లను ఎదిరించే ఒక జన్యువు దెబ్బతిని ఉంది. రైతుకు లోపమనిపించేది ఇక్కడ ఉపయోగమైంది. పద్ధతి ఇది: కావలసిన ప్రోటీన్ జన్యువును, మొక్క కణాల్లోకి జన్యువులను చేరవేయగల ఆగ్రోబాక్టీరియం అనే బాక్టీరియాలోకి చేర్చుతారు, కొన్ని వారాల వయసున్న మొక్కలను కుండీతో సహా తలకిందులుగా పట్టుకుని ఆకులను ఆ బాక్టీరియా కలిపిన నీటిలో ముంచుతారు, శూన్యం కల్పించి ఆకు లోపలి గాలిని బయటికి లాగుతారు, గాలిని తిరిగి వదలగానే నీరు ఆకురంధ్రాల గుండా లోపలికి పీల్చుకుపోయి ఆకు ముదురు రంగులో తడిసిన గుడ్డలా కనిపిస్తుంది. సుమారు వారం తరువాత ఆకులు కోసి, నూరి, ప్రోటీన్‌ను వేరు చేస్తారు. మొక్క తన రక్షణతో ఆ జన్యువును అణచివేయకుండా, టమాటాకు సోకే ఒక వైరస్ నుంచి తీసిన పి19 అనే ప్రోటీన్‌ను తోడు పంపుతారు. పై జవాబులో చెప్పిన అణచివేత ప్రోటీన్లలో అదొకటి. అసలు మొక్కల్లో జన్యువులను పనిచేయించడానికి ప్రపంచమంతటా ఎక్కువగా వాడిన 35ఎస్ అనే స్విచ్ కూడా కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసినదే. వైరస్‌లను అర్థం చేసుకోవడానికి చేసిన కృషి ఇలా రెండు వైపులా పనికొచ్చింది.

2014లో ఎబోలా వ్యాప్తి సమయంలో కొద్దిమంది రోగులకు ఇచ్చిన జెడ్‌మ్యాప్ అనే మూడు ప్రతిరక్షకాల (యాంటీబాడీల) మిశ్రమం ఈ మొక్కల్లోనే తయారైంది. తరువాత కాంగోలో జరిగిన పోలిక పరీక్షలో వేరే మందులు దానికంటే మెరుగ్గా పనిచేశాయి. 2022 ఫిబ్రవరిలో కెనడా అనుమతించిన ఒక కోవిడ్ టీకా కూడా ఈ మొక్కల్లో పండినదే. మరుసటి ఏడాదే దానిని తయారు చేసిన సంస్థను మూసివేస్తున్నట్లు యాజమాన్యం ప్రకటించింది. మొక్కల వల్ల లాభాలున్నాయి: మనుషులకు సోకే వైరస్‌లు వాటిలో పెరగవు, ఖరీదైన ఉక్కు పాత్రలు అక్కర్లేదు, కొత్త ప్రోటీన్‌ను కొద్ది వారాల్లో చేతికి తెచ్చుకోవచ్చు. అయితే ఆకు రసం నుంచి ప్రోటీన్‌ను శుద్ధి చేసే ఖర్చు మొక్కను పెంచే ఖర్చుకంటే చాలా ఎక్కువ. మొక్క ప్రోటీన్లకు అతికే చక్కెర గొలుసులు మన కణాలవాటికి భిన్నంగా ఉంటాయి, వాటిని మార్చాల్సి వస్తుంది. జంతు కణాల్లో మందులు తయారు చేసే పద్ధతి ఇప్పటికే వేళ్లూనుకుని ఉంది. అరుదైన వ్యాధులకూ, తక్కువ పరిమాణంలో త్వరగా కావలసిన మందులకూ ఈ దారి సరిపోతుందని మా అంచనా. అరటిపండు తింటే టీకా వేసినట్టేనన్న పాత ఆశ మాత్రం ఫలించలేదు. ఒక్కో పండులో మోతాదు ఒకేలా ఉండదు కాబట్టి దానిని మందుగా ఇవ్వడం సాధ్యం కాదు.

ప్రశ్న: మొక్కకు మేలు చేసే వైరస్‌లు ఉంటాయా?

జవాబు: ఉంటాయి. నీటి ఎద్దడిలో కొన్ని వైరస్‌లు సోకిన మొక్కలు సోకని వాటికంటే ఆలస్యంగా వాడిపోతాయని 2008లో ప్రచురితమైన ప్రయోగాలు చూపించాయి. అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో వేడి నేలల్లో పెరిగే ఒక గడ్డి సంగతి ఇంకా ఆశ్చర్యకరమైనది: ఆ గడ్డిలో ఒక శిలీంధ్రం, ఆ శిలీంధ్రంలో ఒక వైరస్ ఉంటాయి. శిలీంధ్రం నుంచి వైరస్‌ను తొలగిస్తే గడ్డి వేడిని తట్టుకోలేదు, తిరిగి చేర్చితే తట్టుకుంటుంది. ఈ సంగతి 2007లో వెల్లడైంది. అలాగని పంటకు వైరస్ సోకనివ్వమని ఎవరూ సలహా ఇవ్వరు. దిగుబడి నష్టం ముందు ఈ మేలు స్వల్పం.

ప్రశ్న: తెగులు సోకిన మొక్కలను పీకేయమంటారు. ఎప్పుడు పీకాలి, పీకినవాటిని ఏం చేయాలి?

జవాబు: తెగులు అక్కడక్కడ కొద్ది మొక్కల మీదే ఉన్న తొలి వారాల్లో పీకితే లాభముంటుంది. తోటలో సగం సోకిన తరువాత పీకినందువల్ల వ్యాప్తి ఆగదు, ఉన్న కొద్ది కాపు కూడా పోతుంది. అప్పుడు ఆ మొక్కలకు ఎరువు, నీరు సక్రమంగా ఇచ్చి వచ్చినంత దిగుబడి తీసుకోవడం మేలు. తెల్లదోమ ఉన్న మొక్కను ఒక్కసారిగా లాగితే దోమలు లేచి పక్క మొక్కల మీద వాలతాయి. కాబట్టి చల్లని పొద్దున వేళ, ముందు ఆ మొక్కల మీద మందు చల్లి, తరువాత మొక్కను సంచితో కప్పి వేర్లతో సహా తీయాలి, గట్టు మీద పడేయకుండా పూడ్చేయాలి. చేతుల ద్వారా అంటుకునే వైరస్‌లైతే పీకినవారు చేతులు కడుక్కున్న తరువాతే మిగతా మొక్కలను ముట్టాలి. పంట తీసేశాక రాలిన గింజల నుంచి వాటంతట అవే మొలిచే మొక్కలనూ, గట్ల మీది అదే జాతి కలుపునూ తరువాతి నారు పోయడానికి ముందే తీసేయాలి, లేకపోతే వైరస్ ఆ ఖాళీ కాలాన్ని వాటిలో గడుపుతుంది.